ప్రోస్టేట్ అల్ట్రాసౌండ్‌కు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: మా నాన్నగారు రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నందున, డాక్టరుగారు మలద్వారం ద్వారా చేసే ప్రోస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) అల్ట్రాసౌండ్ రాశారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన భయంతో, అంతకు మించి బిడియంతో సతమతమవుతున్నారు. నొప్పి ఉంటుందా? ముందుగా ఏం చేయాలి?

మొదటి సమాధానం: నేను ఈ పరీక్ష చేయించుకున్నాను. ఎడమవైపుకు తిరిగి, మోకాళ్లు పొట్టకు దగ్గరగా ముడుచుకుని పడుకోమన్నారు. వేలికంటే కాస్త లావైన, స్కాన్ తీసే కడ్డీలాంటి ప్రోబ్‌కు తొడుగు వేసి, జెల్ పూసి లోపలికి పంపారు. ఆ కొన్ని క్షణాలు విరేచనానికి వెళ్లాలన్నంత ఒత్తిడి అనిపించింది గాని, నొప్పి అనదగినదేమీ లేదు. ఒళ్లు బిగపట్టకుండా నిదానంగా ఊపిరి వదలమని నాన్నగారికి చెప్పండి. పావుగంటలో ముగిసింది.

రెండవ సమాధానం: సిద్ధపడే తీరు కేంద్రాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల ఎనిమా (మలద్వారం ద్వారా ద్రవం ఎక్కించి పేగును శుభ్రం చేయడం) ఇస్తారు. పొట్టమీద నుంచి చేసే స్కాన్‌కైతే మూత్రాశయం నిండుగా ఉండాలి కనుక, ఏది రాశారో చీటీలో మరోసారి చూసుకోండి. మొలలున్నా, లాటెక్స్ (తొడుగుల్లో వాడే రబ్బరు) పడకపోయినా ముందే చెప్పాలి.

మూడవ సమాధానం: ఈ స్కాన్ గ్రంథి పరిమాణాన్ని కొలుస్తుంది గాని, క్యాన్సర్ ఉందో లేదో తేల్చదు, అది బయాప్సీతోనే (గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించడం) నిర్ధారణ అవుతుంది. అదే రోజున బయాప్సీ కూడా చేస్తారేమో తప్పక అడగండి, ఎందుకంటే అప్పుడు రక్తాన్ని పలుచబరిచే మందుల సంగతి, యాంటీబయాటిక్ సంగతి డాక్టరుగారే ముందుగా నిర్ణయించాలి. ఆ మందులను సొంతంగా ఆపవద్దు. బయాప్సీ తరువాత మూత్రంలో కొన్ని రోజులు, వీర్యంలో కొన్ని వారాలు రక్తం కనిపించవచ్చు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రం తెల్లవారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.