అప్‌డేట్: టూ స్ట్రోక్ క్వాడ్ బైకుల షాపు మొదలైంది

అనంతపురంలో ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ ఇంజన్లతో క్వాడ్ బైకులు (నాలుగు చక్రాల బైకులు) కట్టి అమ్మే షాపు పెట్టొచ్చా అని అడిగాను కదా, చాలామంది ముందు రోడ్డు సంగతి చూసుకోమన్నారు. చూసుకున్నాను. ఇలా షాపులో కట్టిన బండికి రోడ్డు రిజిస్ట్రేషన్ రాదు, అందుకే తోటలకీ, రిసార్టులకీ, ప్రైవేటు ట్రాక్‌లకీ మాత్రమే అని బిల్లు మీదే రాసి ఇస్తున్నాను. రోడ్డెక్కిస్తానన్న వాళ్లకి అమ్మను.

అసలు తలనొప్పి ఇంజన్. యమహా ఆర్‌ఎక్స్ 100ని 1996లోనే ఆపేసింది, ఇప్పుడు మంచి కండిషన్‌ది దొరికినా ఆ రేటుకి కొని క్వాడ్ కడితే ఏమీ మిగలదు. అందుకే 132 సీసీ ఉన్న ఆర్‌ఎక్స్ 135కి మారాను, బరువు లాగడానికి కూడా అదే నయం. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి బత్తాయి తోటలో మందు ట్యాంకు వేసుకుని నెమ్మదిగా పోతుంటే గాలి తగలక వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, దానికోసం వెనక పెద్ద స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) వేసి, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, సిలిండర్ ఎదురుగా ఫ్యాన్ బిగించాను.

డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేని ఇరుసు కాబట్టి మలుపులో ఒళ్లు వంచాలి, అది నేర్పాకే తాళం ఇస్తున్నాను.

రివర్స్ గేరు ఒక్కటే ఇంకా కుదరలేదు. ఆటోరిక్షా రివర్స్ యూనిట్ చైన్ డ్రైవ్‌కి కలిపిన వాళ్లుంటే చెప్పండన్నా.