సూసన్ లూచీకి ఎమ్మీ అంత ఆలస్యం ఎందుకైంది?

ప్రశ్న: ‘ఆల్ మై చిల్డ్రన్’ అనే అమెరికన్ సీరియల్లో ఎరికా కేన్‌గా చేసిన సూసన్ లూచీ నిజంగానే 18 సార్లు ఎమ్మీ (అక్కడి టీవీ అవార్డు) ఓడిపోయారా?

జవాబు: నిజమే అండీ. మొదటి నామినేషన్ 1978లో, గెలిచింది 1999లో, 19వ సారి. అవార్డు ప్రకటించిన నటుడు షెమార్ మూర్ ఆవిడ పేరు చదవగానే హాలంతా లేచి చప్పట్లు. నాకైతే అంతకన్నా 1990లో ‘శాటర్డే నైట్ లైవ్’ అనే కామెడీ షోకి హోస్ట్‌గా చేసిందే ఇష్టం. అక్కడ స్టేజీ పనివాళ్ల చేతుల్లో కూడా ఎమ్మీలే, ఆవిడకి తప్ప! ఓడిపోవడమే ఆవిడకి పబ్లిసిటీ అయింది.

ఇంకో జవాబు: 1970 నుంచి 2011లో ఏబీసీ చానెల్ ఆ సీరియల్ ఆపేసేదాకా ఆవిడది అదే పాత్ర. మన సీరియళ్లలో మధ్యలో హీరోయిన్‌నే మార్చేస్తారు.

ప్రశ్న అడిగినవారు: 41 ఏళ్లా! ఆ 1990 వీడియో వెతుకుతా.