వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్తూ సెలిగ్మన్‌లో ఆగాలా, ఐ-40 హైవే మీదే పోవాలా?

ఉసిరావకాయ:
డిసెంబర్ ఆఖరి వారంలో వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కి వెళ్తున్నాం. అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలు, అద్దె వ్యాను. మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, రూట్ 66 అనే పాత హైవే మీద ఒక్క ఊరైనా చూపించమంటున్నారు. ఆరిజోనాలో సెలిగ్మన్ అయితే ఐ-40 దిగగానే వచ్చేస్తుందని నేను, అక్కడ ఫ్రిజ్ మాగ్నెట్లు తప్ప ఏమీ లేవని మా ఆయన. చూసినవాళ్ళు చెప్పండి.

నెవాడా నాగలి:
మీ ఆయనదే కరెక్ట్ అండీ. వెయ్యి మంది కూడా లేని ఊరు, ఉన్నది ఒక వీధి. ఆ వీధి నిండా గిఫ్ట్ షాపులు, ఏ షాపులోకి వెళ్ళినా అదే టీషర్టు, అదే నంబర్ ప్లేటు. షాపుల ముందు పాత కార్లు నిలబెట్టి, బొమ్మలకి బట్టలు తొడిగి కూర్చోబెట్టారు. 1950ల నాటి ఊరు అని చెప్పి సెట్టింగ్ చూపిస్తున్నారు, అంతే. పైగా మీరు వెళ్ళేది చలికాలం. నెవాడా కంటే ఆరిజోనా గడియారం అప్పుడు గంట ముందుంటుంది. పొద్దున ఏడింటికి బయల్దేరినా ఆగకుండా వెళ్తేనే పన్నెండున్నర అయిపోతుంది. ఐదున్నర లోపే సూర్యాస్తమయం. కాన్యన్‌లో గడపాల్సిన టైమ్‌ని టీషర్టుల షాపులో పోగొట్టుకుంటారా?

గుడివాడ టు గాలప్:
నాగలి గారూ, టైమ్ సంగతి ఒప్పుకుంటా. "సెట్టింగ్" అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఆ షాపులు ఎందుకొచ్చాయో కొంచెం తెలుసుకుని మాట్లాడండి.

1978 సెప్టెంబర్ 22న ఐ-40 ఈ ఊరిని దాటేసింది. అప్పటిదాకా ఇంటి ముందు నుంచే పోయే బండ్లు ఆ రోజు నుంచి అటు తిరిగిపోయాయి. మోటెళ్ళు, పెట్రోలు బంకులు ఒక్కొక్కటే మూతబడ్డాయి, 1985లో రూట్ 66ని జాతీయ రహదారుల జాబితాలోంచే తీసేశారు. మన దగ్గర బైపాస్ పడిన ఊళ్ళో టిఫిన్ హోటల్ వాడిని అడగండి, ఆ దెబ్బ ఎలా ఉంటుందో చెప్తాడు. అప్పుడు సెలిగ్మన్‌లో బార్బర్ షాపు నడుపుకునే ఏంజెల్ డెల్గడియో అనే ఆయన, పెద్ద నాయకుడూ కాదు డబ్బున్నవాడూ కాదు, 1987లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని కూడగట్టి సంఘం పెట్టి, రాష్ట్రం వెంటపడి, ఆ ఏడాదే సెలిగ్మన్ నుంచి పడమరనున్న కింగ్‌మన్ ఊరి దాకా పాత రోడ్డుని చారిత్రక రహదారిగా ప్రకటింపజేశారు. తర్వాత మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంఘాలు వచ్చాయి. మీరు వెక్కిరిస్తున్న మాగ్నెట్లే ఆ ఊరి జీతం. ఫ్యాక్టరీ లేదు, రైల్వే సిబ్బంది కూడా 1980ల్లోనే వెళ్ళిపోయారు. మరి ఏం అమ్ముకుని బతకమంటారు?

ఏంజెల్ గారి అన్న హువాన్ 1953లో రైల్వే యార్డులో దొరికిన పాత చెక్కలతో కట్టిన స్నో క్యాప్ అనే తిండి కొట్టు ఇప్పటికీ ఉంది. తలుపుకి రెండు పిడులు, ఏది పట్టుకుంటే తెరుచుకుంటుందో తెలీదు. ఆవాలు పేస్టు అడిగితే సీసా మీ మీదకి నొక్కేవారు, భయపడి వెనక్కి గెంతితే బయటికొచ్చేది పసుపు దారం! సరే, చలికాలంలో మామూలుగా మూసే ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

నెవాడా నాగలి:
వాళ్ళని తప్పుపట్టట్లేదు బ్రో. బతకడానికి చేశారు, బాగా చేశారు. కానీ ఆవిడ అడిగింది చందా ఇవ్వాలా అని కాదు, ఆగాలా అని. ఊరి కష్టం గొప్పది కాబట్టి చూడ్డానికీ బాగుంటుందని ఎలా అంటారు?

పెసరట్టు ఫీనిక్స్:
ఈ పాత రోజుల మురిపెం ఎవరిదో కూడా ఒకసారి ఆలోచించండి. 1926లో రూట్ 66గా ఏర్పాటైన ఈ రోడ్డు మీద అందరూ హాయిగా తిరగలేదు. ఎక్కడ బస దొరుకుతుందో, ఎక్కడ తరిమేస్తారో తెలుసుకోవడానికి నల్లజాతి ప్రయాణికుల కోసం 1936 నుంచి ప్రత్యేకంగా గైడు అచ్చువేయాల్సి వచ్చింది. సెలిగ్మన్ దాటి పడమరకి వెళ్తే పీచ్ స్ప్రింగ్స్ వస్తుంది, హువాలపాయి అనే స్థానిక అమెరికన్ తెగ పాలన అంతా అక్కడి నుంచే. మన వాళ్ళు వేగాస్ నుంచి బస్సులెక్కి వెళ్ళే, కాన్యన్ అంచున ఉన్న గాజు స్కైవాక్ కూడా వాళ్ళదే. రోడ్డు వాళ్ళ నేల మీదుగానే పోతుంది, గిఫ్ట్ షాపు కథల్లో మాత్రం వాళ్ళు కనిపించరు.

ఇంకోటి, ఈ రోడ్డు పొడవునా చాలా మోటెళ్ళని ఇవాళ నిలబెట్టింది గుజరాతీ కుటుంబాలు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో శంఖాకారపు గుడిసెల విగ్వామ్ మోటెల్‌ని 2003లో ఒక పటేల్ కుటుంబమే కొని బాగుచేసింది. ఒకప్పుడు ఇలాంటి వాళ్ళకి పోటీగా "ఇది అమెరికన్ల మోటెల్" అని పక్కవాళ్ళు బోర్డులు పెట్టేవారు. ఇవన్నీ తెలిసి చూస్తే ఆగడంలో అర్థముంది. ఫొటో కోసమే అయితే హైవే మీదే పోండి.

గుడివాడ టు గాలప్:
పెసరట్టు గారితో ఏకీభవిస్తా. అసలు నా దృష్టిలో ఆ వీధికి అరగంట చాలు. చూడాల్సింది రోడ్డు. సెలిగ్మన్ నుంచి కింగ్‌మన్‌కి ఐ-40 మీద 70 మైళ్ళు, పాత రోడ్డు మీద 87. ఆ 17 మైళ్ళు ఎక్కువ తిరిగితే రెండే లేన్ల రోడ్డు, చాలాదూరం పక్కనే రైలు పట్టాలు, వాటి మీద డబ్బాలు లెక్కపెట్టలేనంత పొడవు గూడ్సు బళ్ళు. పిల్లలు లెక్కపెడుతూ కూర్చుంటారు, డ్రైవరుగారు స్టీరింగ్ అడుగుతారు (ఇవ్వకండి, అద్దె ఒప్పందంలో ఆయన పేరు లేకపోతే ఇన్సూరెన్స్ తలనొప్పి).

నెవాడా నాగలి:
రోడ్డు కోసమైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ వెళ్ళేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు పెట్టుకోండి. నెవాడాలోకి రాగానే ఆ గంట తిరిగొస్తుంది కదా.

ఉసిరావకాయ:
ఇది మా ఆయన కూడా ఒప్పుకున్నారు, ఆశ్చర్యం! వెళ్ళేటప్పుడు నేరుగా, వచ్చేటప్పుడు సెలిగ్మన్‌లో దిగి పాత రోడ్డు మీద కింగ్‌మన్. శాకాహారానికి పులిహోర కట్టుకుంటా. దారిలో పెట్రోలు, ఫోన్ సిగ్నల్ ఎలా ఉంటాయి?

పెసరట్టు ఫీనిక్స్:
సెలిగ్మన్‌కి ముందొచ్చే విలియమ్స్ ఊళ్ళోనే ట్యాంక్ నింపేయండి. సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది, మ్యాపు ముందే దించుకోండి. సెలిగ్మన్ ఐదు వేల అడుగుల పైన ఉంది, మంచు పడొచ్చు, బయల్దేరే ముందు వాతావరణం చూసుకోండి. చీకటి పడకముందే కింగ్‌మన్ చేరిపోండి, రాత్రిపూట ఆ రోడ్డు మీదకి పశువులు వస్తాయి.