2024లో హైదరాబాద్‌లో సగం మంది ఓటెందుకు వేయలేదు?

మియాపూర్ వాసి: 2024 మే 13న లోక్‌సభ పోలింగ్. హైదరాబాద్ సీటులో 48 శాతం, సికింద్రాబాద్‌లో 49. అదే రోజు ఏపీలో 80 దాటింది. సిటీ జనానికి బద్ధకమని మా ఆఫీసులో తేల్చేశారు. నాకైతే మింగుడుపడలేదు. ఓటు వేయనివాళ్లుంటే చెప్పండి, తిట్టను.

టైల్స్ మేస్త్రి: నేను వేయలేదండి. మాది ఏపీలో శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె, ఓటు అక్కడే ఉంది. పని బాచుపల్లిలో. ఆ వారం ప్రైవేటు బస్సు టికెట్ ముట్టుకుంటే కాలేలా ఉంది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు. పైగా నాలుగు రోజుల కూలి పోతుంది. మా పక్క వీధివాళ్లకు ఎవరో బస్సు పెట్టారు. ఆ లిస్టులో మా పేర్లు లేవు లెండి.

ఓటు ఇక్కడికి మార్చుకోమంటారు. ఫారం 8 ఉందని నాకూ తెలుసు. మేముండేది కడుతున్న బిల్డింగ్ సెల్లార్‌లో. పనైపోతే ఇంకో సైటు. ఏ అడ్రసు రాయాలి? ఊళ్లో పేరు తీసేస్తే అమ్మ పింఛనుకు ఏమవుతుందోనని ఇంట్లో భయం కూడా.

పోలింగ్ డ్యూటీ టీచర్: ఏపీలో అదే రోజు అసెంబ్లీ ఎన్నికలు కూడా ఉన్నాయి, అది మరవకండి. ఇక్కడ ఉండేవాళ్లే బోలెడుమంది అక్కడికి వెళ్లారు. మా బూత్‌లో ఏఎస్‌డీ జాబితా ఇచ్చారు: ఇంట్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు. ఒక అపార్ట్‌మెంట్‌లో వరసగా ఫ్లాట్లన్నీ అందులోనే! శాతం లెక్కలో మాత్రం వాళ్లూ ఓటర్లే. బద్ధకస్తులు లేరనను. శని, ఆది, సోమ సెలవులు కలిసొచ్చాయిగా.

పాతబస్తీ: నేను ఇంట్లోనే ఉండి వేయలేదు. ఈ సీటులో 1984 నుంచి ఓవైసీల కుటుంబమే గెలుస్తోంది. ఫలితం తెలిసిన మ్యాచ్‌కి ఎండలో క్యూ ఎందుకు? నోటా ఉంది కదా అనకండి, దానికి ఎన్నొచ్చినా గెలిచేది అభ్యర్థే.

మియాపూర్ వాసి: మేస్త్రి గారూ, మీలాంటివాళ్ల కోసమే ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ మెషీన్ తయారుచేయించింది, ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేయడానికి. ఒక్క మెషీన్‌తో 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చట. 2023 జనవరిలో దాన్ని చూపిస్తామని పార్టీలను పిలిస్తే ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు.

టైల్స్ మేస్త్రి: వస్తే మంచిదేనండి. 2021లో పంచాయతీకి మాత్రం అప్పు చేసి మరీ వెళ్లాను. వార్డుకి మా బావ నిలబడ్డాడు. వెళ్లకపోతే అక్క గుమ్మం ఎక్కనిస్తుందా? ఎంపీ గారు నేను రాలేదని అడగరు కదా.