సమస్యాపూరణం: కలము విడిచినపుడె కవిత పుట్టె

సమస్య

డిగ్రీ ముగించుకొని తలొక దారి పట్టిన మనం ఇన్నాళ్లకు మళ్లీ ఒకచోట చేరి కబుర్లు చెప్పుకుంటుంటే, శ్రీకాకుళంలో స్థిరపడినవారి నుంచి సముద్రం మీద తిరిగేవారి దాకా అందరి నోటా ఒకే మాట వినిపించింది: ఉద్యోగంలో పడ్డాక పద్యం వ్రాయడం మానేశామని. ఆ మాటనే మెలితిప్పి ఈ వారం సమస్యగా, అంటే మిగతా మూడు పాదాలూ మీరు పూరించి అర్థం కుదర్చవలసిన చివరి పాదంగా, ఇస్తున్నాను. ఇది ఆటవెలది నాలుగవ పాదం.

*కలము విడిచినపుడె కవిత పుట్టె*

ఐదూ సూర్యగణాలు (ఒక్కొక్కటి గురువు, లఘువు లేదా మూడు లఘువులు; గురువంటే దీర్ఘంగా పలికే అక్షరం, లఘువంటే పొట్టిగా పలికేది), ‘కలము–కవిత’ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో కుదిరే పొత్తు). కలం వదిలితే కవిత ఎలా పుడుతుందన్న విరోధాన్ని ఎవరి పనిపాటల్లోంచి వారు పరిహరించాలని నా కోరిక.

మొదటి పూరణ (విజయనగరం, బ్యాంకు ఉద్యోగి)

బ్యాంకు పద్దు లెల్ల భద్రంబుగా వ్రాసి
మాపువేళ నింటి మార్గమందు
కోట చెంత నిలువ గుండె పల్కెను నాకు
కలము విడిచినపుడె కవిత పుట్టె

*పాలకొండ టీచరు:* కొలువు కలాన్ని పక్కన పెట్టాక మనసు పలికిందన్న పరిహారం సహజంగా ఉంది, పైగా కోట పక్కన నిలబడిన మనిషి కళ్లకు కడుతున్నాడు. అయితే పద్దులన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లిపోయిన ఈ రోజుల్లో పద్దులు ‘వ్రాసి’ అనడం పాత గుమస్తాను గుర్తుకు తెస్తోంది. నువ్వు చేస్తున్న పనినే పద్యంలో పెట్టు.

*బ్యాంకు ఉద్యోగి:* ఒప్పుకుంటున్నాను. చెక్కు మీద సంతకం మాత్రం నేటికీ కలంతోనే కాబట్టి ‘బ్యాంకు చెక్కు లన్ని భద్రంబుగా జూచి’ అని మారుస్తున్నాను.

*నిర్వాహకుడు:* గణాలు చెడలేదు. ‘బ్యా–భ’ యతి గురించి ఒకరు విడిగా అడిగారు. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి చెల్లుతుంది కనుక ఇక్కడ బకారానికి భకారంతో మైత్రి కుదిరింది.

రెండవ పూరణ (సోంపేట, వాణిజ్య నౌకలో ఉద్యోగి)

నీటి నడుమ నాకు నెలలెన్నొ గడిచెను
మాట రాక మనసు మౌనమయ్యె
ఊరు చేరి యమ్మ యొడిలోన తలవాల్చ
కలము విడిచినపుడె కవిత పుట్టె

*బ్యాంకు ఉద్యోగి:* కలమంటే ఓడ అన్న అర్థాన్ని పట్టుకోవడం నీకే చెల్లింది. మీ సోంపేట వైపు ఉద్దానం నుంచి ఓడల మీదికి వెళ్లినవాడు కాక ఇంకెవరు ఈ పూరణ చేయగలరు!

*పాలకొండ టీచరు:* నాకు మూడవ పాదం దగ్గర పేచీ ఉంది. ‘విడిచినపుడె’ అంటే ఓడ దిగిన ఆ క్షణంలోనే అని కదా, మరి దిగిన రేవు ఎక్కడో, సోంపేటలో అమ్మ ఒడి ఎక్కడో. రెండింటినీ ఒకే క్షణంలో చెప్పడం వల్ల కాలం పొసగడం లేదు. అమ్మ ఒడి చదివేవారిని వెంటనే కరిగిస్తుంది కాబట్టి ఈ దోషం కంటికి ఆనదు. అందుకే ఎత్తి చూపుతున్నాను.

*నౌకా ఉద్యోగి:* న్యాయమైన మాట. ‘తీరమందు కాలు తేమ మట్టిని తాక’ అని సవరిస్తున్నాను. నెలల తరబడి ఇనుప డెక్కు మీద నడిచిన కాలికి వాన తడిసిన నేల తగిలితే ఎలా ఉంటుందో అనుభవించిన నాకు ఇదే ఎక్కువ నిజమనిపిస్తోంది.

*నిర్వాహకుడు:* ఈ సవరణతో పద్యం నిలబడింది. ‘తీ–తే’ యతి కూడా సరిపోయింది.

విశాఖలో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న తమ్ముడు పంపిన పూరణ ‘ఉద్యోగమ్ము చేసి’ అని మొదలైంది. ఆటవెలది సూర్యగణంతో మొదలవ్వాలి. ‘ఉద్యో’ రెండు గురువులు కాబట్టి కుదరదు. ‘కొలువు చేసి చేసి కూలబడిన వేళ’ అని ఎత్తుకొని మళ్లీ పంపవలసిందిగా కోరుతున్నాను.

మూడవ పూరణ (పాలకొండ టీచరు)

వంట పనుల నడుమ వాక్యాలు కుదిరెను
బడికి నడుచు వేళ పాదమమరె
మిత్రులార! యిట్లు మీరనరాదు, స
కలము విడిచినపుడె కవిత పుట్టె

*నౌకా ఉద్యోగి:* ‘అనరాదు’ అన్నాక చివర ‘అని’ లేకపోవడం కొంత వెలితిగా లేదా?

*పాలకొండ టీచరు:* ‘ఇట్లు’ అన్న పదం ఆ భారాన్ని మోస్తోంది. సమస్యా పాదం తరువాత మరో అక్షరం చేర్చే వీలు లేదు కదా.

*నిర్వాహకుడు:* సమాధానం సమంజసమే. ఆటవెలదిలో పాదాంతాన పదం విరిగినా తప్పు లేదు కనుక, మూడవ పాదం చివర ‘స’ నిలిపి కలమును ‘సకలము’ (అన్ని పనులూ) చేయడం అవధానాలలో పృచ్ఛకులు (సమస్యలిచ్చి ప్రశ్నించేవారు) మెచ్చే పద్ధతే. నాకు మాత్రం ఆ చమత్కారం కంటే ఈ పద్యం చేసిన వాదం ముఖ్యంగా తోచింది. మన కబుర్లలో ఇన్నిసార్లు వినబడిన ‘తీరిక దొరికితే వ్రాస్తాను’ అన్న మాటను ఇది ఎదురుగా నిలబడి కాదంటోంది. 1997లో మన శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావు గారు బడిలో పాఠాలు చెప్పుకుంటూనే కథలు వ్రాశారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు కళాశాలలో పాఠాలు చెప్పినవారే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా వాక్యం కుదుర్చుకున్న ఈ టీచరు వారి దారినే నడుస్తోంది. మొదటి రెండు పూరణలు పని ముగిశాక కవిత పుట్టిందన్నాయి, ఇది పని జరుగుతుండగానే పుట్టిందన్నది; ఈ వారం నా ఓటు దీనికే.

మన ఆనవాయితీ ప్రకారం మెప్పు పొందినవారే తరువాతి సమస్య ఇవ్వాలి. టీచరు ఇచ్చిన ఆటవెలది పాదం ఇది. పూరణలు వచ్చే ఆదివారంలోగా పంపండి.

*సెలవు నాడె పనులు చేయవలెను*