అప్‌డేట్: బాత్రూమ్ లైటు, ఫ్యాను ఇప్పుడు విడివిడిగా పనిచేస్తున్నాయి

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి బాత్రూమ్‌లో లైటు వేస్తేనే ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోందని, లైటు ఆపితే అదీ ఆగిపోతోందని పోయిన వారం అడిగాను కదా. రెండూ కొత్త 6 ఆంప్స్ స్విచ్‌లే. తప్పు వాటిలో లేదు.

ఆదివారం పొద్దున ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. టెస్టర్ వెలుగుతోందని ముందు చూసుకుని, మెయిన్ ఆపాక మళ్లీ చూసి, అప్పుడు బోర్డు విప్పాడు. ఫ్యాను స్విచ్‌కి పోయే చిన్న ఎర్ర లూప్ వైరుని, లైటు స్విచ్‌లో ఫేజ్ (మెయిన్ నుంచి కరెంటు) వచ్చే స్క్రూకి కాకుండా బల్బుకి పోయే స్క్రూకి కలిపి ఉన్నారు. అలా ఉంటే లైటు వేసేదాకా ఫ్యాను స్విచ్‌కి కరెంటే రాదు. ఆ వైరు కొసని ఫేజ్ స్క్రూకి మార్చాడు, అంతే. నల్లటి న్యూట్రల్ వైరుకి (కరెంటు తిరిగి పోయే వైరు) స్విచ్‌లతో పనే లేదు, నేరుగా బల్బుకీ ఫ్యానుకీ పోతుంది.

నన్ను భయపెట్టింది వేరే. ఫ్యాను దగ్గర ఆకుపచ్చ ఎర్త్ వైరు టేపు చుట్టి ఊరికే వదిలేసి ఉంది. ఇనుప బాడీ ఫ్యాను, ఎప్పుడూ తడిగా ఉండే గోడ, ఇంట్లో చిన్న పిల్లలు. అప్పటికప్పుడే కలిపించాను. కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ కూడా వచ్చే వారం పెట్టిస్తున్నాం.

ఇప్పుడు స్నానాలయ్యాక లైటు ఆపేసి ఫ్యాను ఒక్కటే కాసేపు తిప్పుతున్నాం. ఎర్త్ చూడమని గట్టిగా చెప్పినవాళ్లకి చాలా థ్యాంక్స్.