ఇన్సూరెన్స్ ఉన్నా అల్లుడికి 3,900 డాలర్ల బిల్లు, అమెరికాలో ఇదేం లెక్క?

నల్లగొండ మాస్టారు:
అందరికీ నమస్తే. నేను రిటైర్డ్ టీచర్‌ని, ఉండేది నల్లగొండలో. బిడ్డ, అల్లుడు డల్లాస్ దగ్గర ఉంటారు. మొన్న అర్ధరాత్రి అల్లుడికి కిడ్నీలో రాయి నొప్పి లేస్తే ఎమర్జెన్సీకి వెళ్లారట, స్కాన్ తీసి, సెలైన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి తెల్లారేసరికి ఇంటికి పంపించారు. నెల తర్వాత ఆయన కట్టాల్సిన వాటా 3,900 డాలర్లని కాగితం వచ్చింది. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, ప్రతి జీతంలో కోత పడుతూనే ఉంది, మరి ఆ కోత దేనికి? అడిగితే "డిడక్టిబుల్ మామయ్యా" అంటాడు, అంతకంటే చెప్పడు. ఇక్కడ మా క్లాక్ టవర్ దగ్గర ప్రైవేటు ఆస్పత్రిలో అదే వైద్యం కొన్ని వేల రూపాయల్లో అయిపోతుంది కదా. ఇంకో సంగతి, బిడ్డ డెలివరీకి జనవరిలో మేమిద్దరం వెళ్తున్నాం. నాకు బీపీ, మా ఆమెకు షుగర్. మాకు ఏ పాలసీ తీసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు టు టెక్సాస్:
మాస్టారూ, మీ అల్లుడు చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. డిడక్టిబుల్ అంటే ఏడాదిలో మొదట మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం. అది నిండాక కూడా కంపెనీ మొత్తం ఇవ్వదు, చాలా ప్లాన్లలో 80 శాతం వాళ్లు, 20 శాతం మనం. అట్లా పోయి పోయి మనం పెట్టుకునే వాటాకున్న గరిష్ఠ పరిమితి తగిలాక మిగతాదంతా వాళ్లే భరించాలి. 2025లో ఆ పరిమితి చట్టప్రకారం ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400 దాటకూడదు. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రులకే ఈ లెక్క. చిక్కేమిటంటే చాలా ప్లాన్లలో జనవరి 1 రాగానే మీటరు మళ్లీ సున్నాకు వస్తుంది. డిసెంబర్‌లో ఆపరేషన్ చేయించుకుని జనవరిలో ఫిజియోథెరపీకి పోయేవాడి ఏడుపు చూడాలి.

అల్లుడిని వెంటనే డబ్బు కట్టొద్దనండి. ఆస్పత్రి నుంచి ఐటమైజ్డ్ బిల్లు (దేనికి ఎంతో విడివిడిగా రాసింది) అడగమనండి, ఇన్సూరెన్స్ వాళ్లు పంపే వివరాల కాగితంతో (దాని మీదే "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది) పోల్చి చూడమనండి. తేడా ఉంటే ఫోన్ చేసి గట్టిగా అడగాలి. ఏమీ లేకున్నా వడ్డీ లేకుండా నెలవారీ వాయిదాలు అడిగితే చాలా ఆస్పత్రులు ఒప్పుకుంటాయి.

సూర్యాపేట కుర్రాడు:
అన్నా, నువ్వు చెప్పే పరిమితి బాగానే ఉంది, కానీ అది ఉద్యోగం ఉన్నన్ని రోజులే కదా. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నోడికి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి 60 రోజుల గడువు, అదే టైమ్‌లో ఇన్సూరెన్స్ కూడా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద పాత పాలసీ కొనసాగించుకోవచ్చు అంటారు గానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులు. 2024లో కంపెనీల ద్వారా తీసుకునే కుటుంబ పాలసీ సగటు ప్రీమియం 25,572 డాలర్లు, మన డబ్బుల్లో 20 లక్షలు దాటింది. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది సుమారు 6,300. మిగతాది కంపెనీ కడుతుందంటాం, అది మాత్రం ఎక్కడిది, జీతంగా రావాల్సిందే కదా! జీతం లేనప్పుడు అంత ప్రీమియం కట్టమనడం నా దృష్టిలో దోపిడీయే.

ఆరోగ్యమిత్ర అక్క (మహబూబ్‌నగర్):
తమ్ముడూ, దోపిడీ అనే మాట తొందరగా వాడకు. నేను ఇక్కడ ఆరోగ్యశ్రీ డెస్క్ మీద కూర్చుంటాను కాబట్టి రెండో వైపు చెప్తా. 2007లో ఈ పథకం మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. ముంబైకి, పుణెకు కూలికి పోయొచ్చిన మనిషి గుండె ఆపరేషన్ చేయించుకుని రూపాయి కట్టకుండా ఇంటికి పోయాడంటే చిన్న విషయం కాదు. 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. కానీ రోజూ వేసుకునే షుగర్ మాత్రలకు, ఓపీ ఫీజుకు అది పనికిరాదు. జాబితాలో లేని జబ్బు అయితే నేను తల అడ్డంగా ఊపాల్సిందే. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు కేసులు తీసుకోకపోవడం కూడా మీరు చూసిందే.

అసలు తేడా ఎక్కడుందంటే, మన దగ్గర పాలసీకైనా పథకానికైనా పరిమితి కంపెనీకో ప్రభుత్వానికో ఉంటుంది, అది దాటాక మొత్తం మన మీదే. వాళ్ల దగ్గర మంచి పాలసీ ఉంటే పరిమితి రోగికి ఉంటుంది, దాటాక కంపెనీ మీద. క్యాన్సర్ లాంటిది వచ్చినప్పుడు ఇది చాలా పెద్ద తేడా. మా డెస్క్ ముందు నిలబడి ఎకరం అమ్మిన లెక్కలు చెప్పేవాళ్లను అడుగు.

సూర్యాపేట కుర్రాడు:
అక్కా, పెద్ద జబ్బు సంగతి ఒప్పుకుంటా. కిడ్నీ రాయికి 3,900 మాత్రం ఒప్పుకోను. పరిమితి పెట్టినా ధరకు పగ్గం లేకపోతే ఆ భారం ప్రీమియంలో కలిసి అందరి మీదా పడుతుంది.

పాలమూరు టు టెక్సాస్:
అది మాత్రం నిజం. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాడిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదు, పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలి. మంచి చట్టమే, కానీ బిల్లు మాఫీ చేయాలని అందులో లేదు, తర్వాత ఇంటికి వస్తుంది.

మాస్టారూ, మీ పాలసీ సంగతి. పాత జబ్బులున్నాయని ఇన్సూరెన్స్ నిరాకరించకూడదని 2014 నుంచి అమెరికాలో రూలు ఉంది, కానీ విజిటర్ పాలసీలకు అది వర్తించదు. అన్యాయమే, ఏం చేస్తాం. "ఫిక్స్‌డ్ బెనిఫిట్" ప్లాన్ చౌకగా కనిపిస్తుంది, కానీ స్కాన్‌కు ఇంత, బెడ్డుకు ఇంత అని చిన్న మొత్తాలే ఇస్తుంది, మిగతాది మీ అల్లుడి నెత్తిన. "కాంప్రిహెన్సివ్" తీసుకోండి, అది పాలసీ పరిమితి దాకా బిల్లులో ఎక్కువ భాగం ఇస్తుంది. అందులో "అక్యూట్ ఆన్‌సెట్" అనే అంశం ఉందా, ఏ వయసు వరకు ఉందో చదవండి. బీపీ, షుగర్ వల్ల అకస్మాత్తుగా ఏమైనా అయితేనే అది, మామూలు చెకప్‌కు కాదు. 24 గంటల్లోపు ఆస్పత్రికి పోవాలని షరతు కూడా ఉంటుంది. మాత్రలు సరిపడా ఇండియాలోనే కొని, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి.

మీ బిడ్డకు ఒక మాట చెప్పండి, పుట్టిన పాపను 30 రోజుల్లోపు పాలసీలో చేర్చాలి. ఆ గడువు తప్పితే ఏడాది చివరిదాకా ఆగాల్సి రావచ్చు.

నల్లగొండ మాస్టారు:
30 రోజుల సంగతి అల్లుడికి కూడా తెలియదట, ఇప్పుడే ఫోన్ చేశాను. బిల్లు వివరాలు కూడా అడుగుతానన్నాడు. కాంప్రిహెన్సివే తీసుకుంటాం. మా ఆమె మాత్రం "ఇంత టెన్షన్ ఎందుకు, బిడ్డనే ఇక్కడికి పిలిపించుకుంటే పోలా" అంటోంది. దానికి కూడా ఎవరైనా జవాబు చెప్పండి.